మంద వెంబడి పోని కుక్క

ఒక మాటను ఇరవై ఏళ్లకు పైగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్ద మాటేమీ కాదు. ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. చెప్పాల్సిన చోట చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. చెప్పలేదు కాబట్టి అది నాతోపాటే అన్నం తిన్నది, నాతోపాటే పడుకున్నది, నా పెళ్లిలో నా పక్కన పీట మీద కూర్చున్నది. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నాకు కావాల్సిందీ అదే. తెలిసిన ముఖం ముందు నా నోరు పెగలదని ఇప్పటికే రుజువైపోయింది.

ముందే ఒకటి చెప్పేస్తాను. కుక్క సంగతే కదా అని మీరు తేలిగ్గా తీసుకోవచ్చు. నేనూ అలాగే తీసుకోవాలని చాలా ఏళ్లు చూశాను. కుక్కే కదా, పోయింది, ఊళ్లో ఎన్ని పోవడం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ నేను చంపింది ఒక కుక్కను, ముంచింది ఒక మనిషిని. ఆ మనిషి నన్ను ఏమీ అనలేదు. పైగా నాకు దణ్ణం పెట్టాడు.

మాది మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పల్లె. తొంభైల చివర్లో సంగతి. అన్న నాకంటే చాలా పెద్దవాడు. నాయన పోయినాక నన్ను పెంచింది ఆయనే. ఆయనకు ఒక మెటాడోర్ వ్యాను ఉండేది. చుట్టుపక్కల పల్లెల టమోటా ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్టుకు తోలేవాడు. సేద్యం నేను చూసుకునేవాణ్ణి. అన్న మాట తక్కువ మనిషి. ఇంట్లో మేమిద్దరమే ఉన్నా, ఉప్పు తక్కువైంది, కరెంటు పోయింది, ఇంతకు మించి మా మధ్య మాటలుండేవి కావు.

ఆయన మాట్లాడేది టైగర్‌తో. వదిన పుట్టింటి నుంచి వస్తూ ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కుక్కపిల్ల అది. వదిన జబ్బు చేసి పోయింది. కుక్క మిగిలింది. వ్యానులో అన్న పక్క సీటు దానిదే, నన్ను కూడా ఎక్కనిచ్చేది కాదు. తెల్లవారి మార్కెట్టు నుంచి తిరిగొచ్చేటప్పుడు మా మలుపు దగ్గర టీ అంగడి ముందు వ్యాను ఆగేది. ఆగీ ఆగకముందే టైగర్ కిందికి దూకి, చేను గట్టు మీదుగా మోటారు కొట్టం దాకా ఒకటే పరుగు. అన్న టీ తాగి అదే గట్టు మీద వెనకాల నడుచుకుంటూ వచ్చేవాడు. రోజూ ఇదే. దాని తర్వాత వచ్చిన ఆడకుక్కపిల్ల బొల్లి. తెల్లటి మచ్చలది. అది కొట్టం దగ్గర నాతో ఉండేది.

ఆ ఏడు పైచేన్లో వేరుశనగ వేశాం. కాయ ఊరే సమయానికి అడవిపందులు దిగాయి. ఒక్క రాత్రిలో నాలుగు సాళ్లు దున్నిపెట్టి పోయేవి. డబ్బాలు కొట్టాను, టపాకాయలు కాల్చాను, వాటికి అలవాటైపోయింది. ఊళ్లో కొందరు చేను చుట్టూ ఉత్త తీగ లాగి మోటారు పెట్టె నుంచి కరెంటు ఇచ్చేవాళ్లు. నేనూ తీగ లాగాను. అన్న చూసి ఒకే మాటన్నాడు. "ఆ పని వద్దురా చిన్నోడా. మనిసి తిరిగే గట్టు అది." సరేన్నా, ఇవ్వనులే అన్నాను.

ఇచ్చాను.

మాకప్పుడు చేలకు కరెంటు వంతులవారీగా వచ్చేది. ఏ పూట వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పేవాడు లేడు. ఆ రాత్రి తీగకు తగిలించి కొట్టంలో పడుకున్నాను. నడిరాత్రి కరెంటు పోయింది. ఇక ఈ వంతు అయిపోయినట్టే అనుకున్నాను. లేచి తీగ విడదీసి రావాలి. లేవలేదు. నిద్ర ముంచుకొచ్చింది. అంతే. ఇందులో కుట్ర లేదు, కోపం లేదు. ఒక బద్ధకం ఉంది. కరెంటు తెల్లారి మళ్లీ వచ్చింది, నాకు తెలియలేదు.

బొల్లి అరుపుకు మెలకువ వచ్చింది. దాన్ని గుంజకు కట్టేసి ఉంచాను కాబట్టి బతికింది. బయటికి వచ్చి చూస్తే గట్టు మీద టైగర్ పడి ఉంది. కాళ్లు బిగుసుకుపోయాయి. తీగ దాని మెడ కింద ఉంది.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను. ముందు పెట్టె ఆపాను. తర్వాత రోడ్డు వైపు చూశాను. మలుపులో వ్యాను ఆగి ఉంది. అంగడి బెంచీ మీద అన్న వీపు కనిపించింది. టీ తాగుతున్నాడు. టైగర్ ముందు పరుగెత్తకపోయుంటే ఈ గట్టు మీద ఎవరు నడిచి వచ్చేవాళ్లు? ఆ ప్రశ్న అప్పుడే వచ్చింది నాకు. నన్ను పెంచిన మనిషిని చంపబోయాను. కుక్క అడ్డం పడింది. మీరే చెప్పండి, ఆ క్షణంలో మనిషి అనేవాడు ఏం చేయాలి? పరుగెత్తుకుంటూ పోయి అన్న కాళ్ల మీద పడాలి. నేను కుక్కను వెనక కాళ్లు పట్టుకుని కిందిచేనుకు లాక్కెళ్లి, పీకి పోసిన ఎండు టమోటా మొక్కల కుప్ప కింద తోశాను. తీగ చుట్టేసి కొట్టంలో దాచాను. ముఖం కడుక్కున్నాను.

అన్న వచ్చాడు. "టైగర్ ఏదిరా?"

ఇక్కడ నా నోరు నా ప్రమేయం లేకుండానే పని చేసింది అని రాయాలనిపిస్తోంది. అబద్ధం. బాగా ఆలోచించే చెప్పాను. కిందిచేన్లో అంతకుముందు కొన్నాళ్లు గొర్రెల మంద దిగి ఉండింది. కుప్పం వైపు నుంచి ఏటేటా వచ్చే మునెప్ప మంద. ఖాళీ చేన్లో మంద పెట్టిస్తే పెంట పడుతుంది, భూమికి బలం. ముందురోజే మునెప్ప మందను లేపి గుట్ట అవతలికి తోలుకుపోయాడు. అదే నా నోటికి దొరికింది. "మంద ఎనకాల పోయినట్టుండాదిన్నా. గుట్ట ఎక్కతా ఉంటే దూరం నుంచి సూసినా" అన్నాను.

అన్న నన్ను నమ్మాడు. ఆయన నన్ను ఎప్పుడూ నమ్మేవాడు. గుట్ట వైపు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, వెతకడానికి పోయాడు. ఆయన గుట్ట అవతలికి దిగాక నేను కుప్ప కింద గుంత తీసి టైగర్‌ను పూడ్చాను. మంద పండుకున్న నేల, పార వేయగానే మెత్తగా దిగింది.

అన్న గుట్ట అవతలంతా తిరిగాడు. మంద అప్పటికే పోయింది. తర్వాత టమోటా తోలడం మానేసి చుట్టూ పల్లెలన్నీ తిరిగాడు. సాయంత్రం వచ్చి టైగర్ గిన్నెలో సంగటి పెట్టేవాడు. పొద్దున్నే తీసి పారేసేవాడు. నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను. ఒక్కో పూట దాటేకొద్దీ మాట బరువెక్కింది. మొదటిరోజు చెప్పి ఉంటే ఒక తప్పు. నాలుగోరోజు చెబితే తప్పుతో పాటు నాలుగురోజుల నాటకం.

ఇంతలో బొల్లి మొదలుపెట్టింది. కట్టు విప్పగానే పోయి ఆ కుప్ప దగ్గర కూర్చునేది. ముందు మూలిగేది. తర్వాత కాళ్లతో గీకడం. ఒకరోజు మధ్యాహ్నం అన్న చూశాడు. "ఆడేముందిరా? ఇది యాల తవ్వతాండాది?" అన్నాడు. పందికొక్కు బొరియ ఉన్నట్టుందని చెప్పాను. నా చెవులకే నా గొంతు వేరేగా వినిపించింది. ఇక ఒకటి రెండు రోజుల్లో బయటపడిపోతుందని అర్థమైంది. వాన పడి ఆ నేల గట్టిపడేదాకా కుక్కను ఇక్కడి నుంచి తప్పించాలి. అన్నను కూడా.

ఆ సాయంత్రం నేనే అన్నాను. "మునెప్ప మంద కుప్పం దాకా పోతాది గదన్నా. మనమే వ్యానేసుకుని ఎనకాల పోదాం. బొల్లిని ఎక్కించుకుందాం. అది వాసన పడతాది."

అన్న ముఖం ఎంత వెలిగిందో నేను రాయలేను. అన్నేళ్లలో ఆయన నా భుజం మీద చెయ్యి వేసింది అప్పుడే.

అలా బయలుదేరాం. టార్పాలిన్, సంగటి తపేలా, రాగిపిండి, ఎండుమిరపకాయలు, చింతపండు, ఒక లాంతరు. టమోటా బుట్టలు దించేసి వ్యాను వెనక గడ్డి పరిచాం. టైగర్ సీట్లో బొల్లి కూర్చోలేదు. నా ఒళ్లో కూర్చుంది. దాని గుండె నా చేతికి తగిలేది. నా సంగతి తెలిసిన ప్రాణి లోకంలో అదొక్కటే, అదేమో నా చేతులు నాకుతోంది.

మంద నడిచేది రోడ్డు మీద కాదు. గుట్టల పక్కగా, ఎండిన చెరువుల్లో, కోసిన చేలల్లో. అందుకని మేము కూడా కొంత దూరం పోవడం, వ్యాను ఆపడం, అన్న దిగి మేకలు కాసేవాళ్లనో చెరకు గానుగ దగ్గరోళ్లనో అడగడం, బొల్లిని తాడు పట్టుకుని ఆ చుట్టూ తిప్పడం. పుంగనూరు దాటి ఒక చింతతోపులో మొదటి మకాం. వ్యాను పక్కకు టార్పాలిన్ కట్టి, మూడు రాళ్లు పెట్టి అన్న సంగటి కెలికాడు. నన్ను చెయ్యనివ్వలేదు. తిన్నాక వ్యానుకు ఆనుకుని కూర్చుని ఉన్నట్టుండి వదిన గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఆమె వ్యాను తోలడం నేర్చుకుంటానని మొండికేస్తే, ఎవరూ చూడకుండా చెరువులోకి తీసుకెళ్లి నేర్పించాడట. గేరు వెయ్యడం రాక ఆమె వ్యానును తిట్టిన తిట్లు చెప్పి నవ్వాడు. అన్న నవ్వు అలా ఉంటుందని నాకు తెలియదు.

ఇదెలా చెప్పాలో తెలియడం లేదు. ఆ ప్రయాణమే నా బతుకులో మంచిరోజులు. అన్న నాతో మాట్లాడిన రోజులవి. పలమనేరు దాటాక చలి మొదలైతే తన దుప్పటి నాకు కప్పేవాడు. గంగవరం దగ్గర ఒక బండ మీద ఉతికిన పంచె ఆరేసి, దాని పక్కనే పడుకుని ఆకాశం చూస్తూ, "మనం ముందే ఇట్ల తిరగాల్సిందిరా చిన్నోడా" అన్నాడు. ఆయన సంతోషంగా ఉన్నది నా అబద్ధం మీద. నిజం చెబితే కుక్క పోయిన బాధ ఒక్కటే కాదు, ఈ బండ, ఈ మాటలు, అన్నీ అబద్ధమైపోతాయి. చెప్పకపోవడానికి ఇదొక కారణం అనుకున్నాను. కారణాలకేం, దండిగా దొరుకుతాయి.

అక్కడే నేను చేసిన ఇంకో పని ఉంది. తెల్లవారి అన్న నీళ్లకు పోయినప్పుడు బొల్లి మేము వచ్చిన దారి వైపు ముఖం పెట్టి మూలుగుతోంది. ఇల్లు చేరితే అది మళ్లీ ఆ కుప్ప దగ్గరికే పోతుంది. తాడు విప్పాను. పో అన్నాను. పోలేదు. తరిమాను. కొంచెం దూరం పోయి తిరిగి చూసింది. రాయి తీసి విసిరాను. వెనక కాలికి తగిలింది. కుయ్యిమని పొదల్లోకి పోయింది. నేను నిలబడి ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను, అయినా పిలవలేదు. అన్న వచ్చి తాడు చూసి, "ఇది గూడా పోయినాదా?" అన్నాడు. ఆ మాటన్నప్పుడు ఆయన గొంతు విని ఉంటే మీరు నన్ను కొట్టేవాళ్లు. బిందె అక్కడే పడేసి పరుగెత్తాడు. బొల్లి ఎక్కడికీ పోలేదు. పొద్దెక్కేసరికి అదే కుంటుకుంటూ వచ్చి, అన్నను దాటుకుని నా కాళ్ల దగ్గర పడుకుంది. అన్న దాని కాలికి పసుపు పెట్టి తన తువ్వాలు చించి కట్టాడు.

మునెప్ప మంద కుప్పం ఇవతల, కోసిన రాగిచేన్లో దొరికింది. మమ్మల్ని చూసి ఆయన సంతోషపడ్డాడు. నల్లగా, సన్నగా, నెరిసిన మీసాలు. భుజం మీద కంబళి. "యాడి నుంచి యాడికి వచ్చినారప్పా" అంటూ పాలు పితకబోయాడు. అన్న వద్దని, వచ్చిన సంగతి చెప్పాడు.

"మా ఎంబడి ఏ కుక్కా రాలేదప్పా. వచ్చుంటే నేనే తోలకొచ్చి ఇడిసిపెడతా గదా. మీ కుక్క నాకు తెలీదా?"

"మా తమ్ముడు సూసినాడు మునెప్పా. గుట్ట ఎక్కతా ఉంటే సూసినాడు. ఎవురికన్నా ఇచ్చేసింటే సెప్పు. నేనేమీ అనను. యాడుండాదో సెప్పు, పోయి అడుక్కుంటాను."

మునెప్ప నా వైపు చూశాడు. కోపంగా కాదు. అర్థంకాక చూశాడు. నేను బొల్లి తాడు చేతికి చుట్టుకుంటూ ఉన్నాను.

"అయితే పెమానం జేస్తానప్పా" అన్నాడు.

మా వైపు ప్రమాణం అంటే కర్పూరం. వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెబితే, దాని మీద ఇంకో మాట లేదు. ఎదుటివాడు నమ్మి తీరాలి. అబద్ధమైతే చేసినవాడి ఇంట్లో ఏదో ఒకటి మట్టిలో కలుస్తుందని అందరి నమ్మకం. ఆయన సంచిలోంచి కర్పూరం తీసి రాతి మీద పెట్టాడు. వెలిగించే ముందు నాతో అన్నాడు. "నువ్వు సూసినావు గదప్పా. నువ్వూ నాతోపాటు సెయ్యి పెట్టు. ఎవురిది నిజమో దేవుడే సూసుకుంటాడు."

ఇదే ఆ చోటు. చెప్పాల్సిన చోటు ఇదే. నా ఎదురుగా ఇద్దరు మంచి మనుషులు, ఒక రాయి, ఒక కర్పూరం బిళ్ల.

"నేనేమి పెమానం జేసేది" అన్నాను. "దూరం నుంచి సూసినా. టైగర్ మాదిరే ఉన్నింది. అంతే."

ఎంత తెలివి చూడండి. నా చెయ్యి కాలకుండా, ఆయన మీద అనుమానం పోకుండా, కొలిచినట్టు చెప్పాను. భయంలో కూడా నాకు ఆ లెక్క తప్పలేదు. చదువు మధ్యలో మానేసిన నాకు ఆ మాటకారితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

మునెప్ప వెలిగించాడు. "కుక్క నా మంద ఎంబడి రాలేదు. నేను తోలకపోలేదు, ఎవురికీ ఇయ్యలేదు. అబద్ధమైతే నా మంద నాది గాదు" అని అరచెయ్యి మంట మీద పెట్టాడు. తట్టి తీసేయలేదు. అదిమి ఉంచాడు. చెయ్యి తీశాక అరచేతి నడుమ కమిలిపోయి ఉంది. అన్న ఆ చెయ్యి పట్టుకుని, "తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. ఆయన వెంటనే నమ్మేశాడు. ఇక కుక్క లేదనీ అప్పుడే ఒప్పుకున్నాడు. తిరుగుదారిలో వ్యాను తోలుతూనే ఉన్నాడు. టార్పాలిన్ కట్టలేదు, ఎక్కడా ఆగలేదు. మా ప్రయాణం అలా అయిపోయింది.

మేము తిరిగొచ్చేలోపే మా పల్లెలో వానలు పడ్డాయి. నేను కోరుకున్నట్టే నేల సర్దుకుంది. బొల్లి వ్యాను దిగి కుంటుతూ నేరుగా అక్కడికే పోయింది. కానీ తవ్వలేదు, పడుకుంది. నేను ఆ చోటి మీద ముళ్లకంప తెచ్చి వేశాను.

కథ అక్కడితో ఆగిపోయుంటే నేను బహుశా మరిచిపోయేవాణ్ణి. మనిషి ఎంతటిదైనా మరిచిపోగలడు. కానీ ఆ వానల్లోనే గొర్రెలకు రోగం తగిలింది. మూతులు వాచి, నాలుకలు నీలంగా మారి, కాళ్లు పట్టుకుపోయి మందలకు మందలు పడిపోయాయి. మా వైపు చాలామందికి పోయాయి. మునెప్పకు దాదాపు అన్నీ పోయాయి. వేరేవాళ్లకు పోతే రోగం అన్నారు. మునెప్పకు పోతే ప్రమాణం అన్నారు. అబద్ధపు ప్రమాణం చేశాడు, మంద మీద ఆన పెట్టాడు, మంద పోయింది. ఇంత కన్నా రుజువేం కావాలి? మా ఊళ్లో కూడా అదే మాట. నా ముందే అనేవాళ్లు. నేను తల ఊపేవాణ్ణి.

ఎండాకాలం రాకముందు ఒక పొద్దున మునెప్ప మా ఇంటికి వచ్చాడు. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. సగమైపోయాడు. చంకలో మడిచిన కంబళి ఉంది. అరుగు ఎక్కలేదు. కిందనే నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అప్పా, మీ కుక్క నా మంద ఎనకాల వచ్చినాదేమో. మందలో యాడో కలిసినాది, నేను సూసుకోలేదేమో. తెలీకుండా పెమానం జేస్తిని. నా బిడ్డలు కూటికి లేకుండా పోతాండారు. మీరు మన్నిస్తే ఈ పాపం ఇంతటితో పోతాది."

చూశారా. తను చేసింది నిజమైన ప్రమాణమని ఆయనకు తెలుసు. తెలిసినా, గొర్రెలు చచ్చిపోయేసరికి తన కళ్లను తనే నమ్మడం మానేశాడు. ఒక మనిషి దగ్గర గొర్రెలు పోతే పోనీ, మళ్లీ కొనుక్కోవచ్చు. నేను పోగొట్టింది అది కాదు. తన నిజం తనకు కాకుండా చేశాను.

అన్న దిగి ఆయన్ని పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. "కుక్క కోసం ఇంత మాటెందుకు మునెప్పా. నాకేమీ లేదు" అన్నాడు. మునెప్ప నా వైపు తిరిగాడు. అన్న కూడా నా వైపు చూశాడు. "నువ్వూ ఒక మాట సెప్పరా, ఆయన మనసు కుదుటపడతాది."

నేను చెప్పాను. "పోనీలేప్పా. అయిందేదో అయింది. నేనూ మనసులో పెట్టుకోలేదు."

నేను ఆయన్ని మన్నించాను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కుక్కను దాచింది నేను, తప్పుడు సాక్ష్యం చెప్పింది నేను, మన్నించింది కూడా నేనే. ఆయన నాకు దణ్ణం పెట్టి, ఇల్లాలు వడికిన ఉన్నితో నేయించిందని ఆ కంబళి అన్న చేతిలో పెట్టి, మా ఇంట్లో సంగటి తిని వెళ్లిపోయాడు. అన్న చనిపోయేదాకా దాన్నే కప్పుకున్నాడు.

అన్న పోయింది కొన్నేళ్ల తర్వాత, ఊపిరితిత్తుల జబ్బుతో. అప్పటికి బొల్లి కూడా ముసలిదై పోయింది. ఆస్పత్రిలో నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. చెప్పడానికి చాలా పొద్దులు దొరికాయి. ఒకసారి ఆయనే ఆ బండ సంగతి ఎత్తాడు, గంగవరం దగ్గరిది. "ఎంత బాగున్నిందిరా" అన్నాడు. "అవునన్నా" అన్నాను. ఆయన అలాగే పోయాడు, నన్ను నమ్ముతూ. ఆ పొద్దున నా తీగ మీదికి నడిచి రావాల్సిన మనిషి కొన్నేళ్లు ఎక్కువ బతికాడు కదా అని ఊరట చెప్పుకోబోయాను. ఆ ఊరట కూడా టైగర్ పెట్టిందే, నాది కాదు.

కర్మ అయ్యాక కంబళి సంచిలో పెట్టుకుని కుప్పం పోయాను. అన్నకు చెప్పలేకపోయాను, మునెప్పకైనా చెప్పాలని. వెతగ్గా వెతగ్గా ఊరి బయట ఇటుకల బట్టీ దగ్గర కాపలా ఉన్నాడని తెలిసింది. మంద మళ్లీ కట్టలేకపోయాడు. నన్ను గుర్తుపట్టి, తాను కూర్చున్న నులక మంచం దులిపి కూర్చోమన్నాడు. అన్న పోయాడని చెబితే తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత అడిగాడు.

"నా పెద్దకొడుకు నాతో మాట్లాడడప్పా. నా నోటి పాపానికే గొర్రెలన్నీ పోయినాయంటాడు. సరేలే, వాడి కడుపుమంట వానిది. మీ అన్న పోయేటప్పుడు నన్ను తిట్టుకోలేదు గదా? మనసారా మన్నించినాడు గదా?"

ఇదిగో, చెప్పు అనుకున్నాను. నువ్వు తప్పు చేయలేదు, నీ ప్రమాణం నిజం, పోయి నీ కొడుకుతో చెప్పు. అంతే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"మన్నించినాడు" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. అంగడి నుంచి టీ తెప్పించి గ్లాసు నా చేతికిస్తుంటే అరచేతిలో ఆ మచ్చ కనిపించింది. ఆ టీ తాగాను. కంబళి సంచిలోంచి తీయకుండానే తిరిగొచ్చాను. ఈ ముసలితనంలో ఇప్పుడు నిజం తెలిస్తే ఆయనకు ఇంకా కష్టం కదా, ఏ తప్పూ లేకుండానే కొడుకు దూరమయ్యాడని తెలిస్తే తట్టుకోగలడా అని బస్సులో అనుకున్నాను. దాన్ని దయ అనుకున్నాను. కాదు. ఆయన నన్ను చూసే చూపు మారిపోతుందని భయం. ఎవరూ లేని బట్టీ దగ్గర ఒక ముసలాయన చూపుకు భయపడ్డాను.

మునెప్ప అని రాశాను గానీ అది ఆయన పేరు కాదు. మార్చాను. మా పల్లె పేరు రాయలేదు. నా పేరు రాయలేదు. ఇంత రాసి కూడా ఇంకా దాక్కునే ఉన్నాను, అది మీకు కనిపిస్తూనే ఉంటుంది. ఆయన ఉన్నాడో లేడో తెలియదు. తెలుసుకోవడానికి పోలేదు. మీరు నన్ను ఏమైనా అనుకోండి. అయ్యో పాపం అని మాత్రం అనవద్దు.

ఆ రోజు రాతి దగ్గర చెప్పాల్సిన మాట ఇప్పుడు చెబుతున్నాను. వినడానికి ఆ ఇద్దరిలో ఒకరు లేరు, రెండోవాడికి నేను చెప్పలేదు. మీరే ఉన్నారు.

టైగర్ మంద వెంబడి పోలేదు. నా తీగ తగిలి మా గట్టు మీదే చచ్చిపోయింది. పూడ్చింది నేను. మునెప్ప చెయ్యి కాల్చుకుని చెప్పింది నిజం.